స్మాల్ బ్లాక్ షెవర్లే ఇంజన్‌కు సరిపడే వాల్వ్ స్ప్రింగులు, రిటైనర్లు: ఎంచుకోవడం, కొలవడం, బిగించడం

కేటలాగ్‌లో "110 పౌండ్లు" అని కనిపించగానే చాలామంది ఆ ఒక్క అంకె చూసి స్ప్రింగులు కొనేస్తారు. దాని పక్కనే చిన్న అక్షరాల్లో "1.700 అంగుళాల దగ్గర" అని ఉంటుంది. అసలు సంగతి అక్కడే ఉంది. అంగుళానికి 360 పౌండ్ల రేటు (ఒక అంగుళం నొక్కితే పెరిగే బలం) ఉన్న ఆ స్ప్రింగునే 1.650 అంగుళాల ఎత్తులో బిగిస్తే 128 పౌండ్లు చూపిస్తుంది, 1.750లో బిగిస్తే 92కి పడిపోతుంది. మొదటిది క్యామ్‌ను (వాల్వులను తెరిపించే గుబ్బల ఇరుసును) అరగదీయొచ్చు, రెండోది ఎక్కువ వేగంలో వాల్వును అదుపులో పెట్టలేకపోవచ్చు. ఆ ఎత్తేమో స్ప్రింగు చేతిలో లేదు. వాల్వు, రిటైనర్ (స్ప్రింగు పైన కూర్చునే టోపీ), లాకులు (రిటైనర్‌ను వాల్వుకు పట్టి ఉంచే రెండు సగాలు), హెడ్‌లో స్ప్రింగు కూర్చునే సీటు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. అందుకే వీటిని విడివిడిగా ఎంచుకోవడం కుదరదు, ఒకే సెట్టుగా చూడాలి.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ షెవర్లే స్మాల్ బ్లాక్. 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలై, 1967లో 350గా కమారోలోకి వచ్చిన ఇంజన్ కుటుంబం ఇది. పాత కార్ల పునరుద్ధరణలో ఎక్కువగా చేతికొచ్చేది ఈ 350 ఇంజనే: ఇనుప హెడ్లు, 11/32 అంగుళాల వాల్వ్ స్టెమ్ (వాల్వు కాడ), 1.5 రేషియో రాకర్లు (క్యామ్ కదలికను 1.5 రెట్లు చేసి వాల్వును నొక్కే మీటలు), ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (చదును అడుగున్న లిఫ్టర్లను కదిలించేది). కింది అంకెలన్నీ దీనివే. మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్ కూడా పుష్‌రాడ్ రకమే (క్యామ్ కదలికను పొడవాటి కడ్డీలతో రాకర్లకు చేర్చేది) కాబట్టి కొలిచే పద్ధతి దానికీ పనికొస్తుంది. అంకెలు మాత్రం దానికి వాడకండి.

కొలతలు అంగుళాల్లోనే ఇస్తున్నాం, ఎందుకంటే ఈ ఇంజన్ విడిభాగాలన్నీ ఆ లెక్కలోనే అమ్ముతారు. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

మొదటి మెట్టు: క్యామ్ కార్డు ముందు పెట్టుకోండి

క్యామ్ ఏదో తేలకుండా స్ప్రింగు కొనకండి. క్యామ్‌తో పాటు వచ్చే వివరాల కార్డులో మూడు విషయాలు చూడాలి: క్యామ్ రకం, వాల్వ్ లిఫ్ట్ (వాల్వు ఎంత దూరం తెరుచుకుంటుందో), పనిచేసే ఆర్‌పీఎమ్ పరిధి.

లిఫ్ట్ అంకెతో ఒక జాగ్రత్త ఉంది. కార్డులోని వాల్వ్ లిఫ్ట్ సాధారణంగా 1.5 రాకర్‌తో లెక్కేసినది. లోబ్ (క్యామ్ మీది గుబ్బ) లిఫ్ట్ 0.300 అయితే 1.5 రాకర్‌తో 0.450 వస్తుంది. అదే క్యామ్ మీద 1.6 రాకర్లు పెడితే 0.480 అవుతుంది. రాకర్లు మార్చడం చిన్న పనిలా అనిపిస్తుంది గానీ, స్ప్రింగు లోపల మిగిలే ఖాళీలోంచి ఒక్కసారిగా 30 థౌలు పోతాయి. ఫ్యాక్టరీ 350 మామూలు క్యామ్‌లో ఇన్‌టేక్ లిఫ్ట్ 0.390, ఎగ్జాస్ట్ 0.410 మాత్రమే. అసలు స్ప్రింగులు ఆ లిఫ్టుకు తగ్గట్టు చేసినవి. కొత్త క్యామ్ వేసి పాత స్ప్రింగులు ఉంచేయడం ఎందుకు పనికిరాదో దీన్నిబట్టే తెలుస్తుంది.

క్యామ్ రకాన్ని బట్టి వీధుల్లో తిరిగే కారుకు ఈ పరిధులు పెట్టుకోవచ్చు. హైడ్రాలిక్ ఫ్లాట్ ట్యాపెట్‌కు వాల్వు మూసినప్పుడు 100 నుంచి 125 పౌండ్లు, పూర్తిగా తెరిచినప్పుడు 250 నుంచి 320. హైడ్రాలిక్ రోలర్‌కు (లిఫ్టర్ అడుగున చక్రం ఉన్న రకం) మూసినప్పుడు 120 నుంచి 150, తెరిచినప్పుడు 320 నుంచి 370. క్యామ్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి, ఎందుకంటే లోబ్ ఎంత వేగంగా పైకి లేస్తుందో తెలిసింది వాళ్లకే. ఫ్లాట్ ట్యాపెట్‌కు "గట్టి స్ప్రింగు వేస్తే మంచిదేగా" అన్న ఆలోచన మాత్రం వద్దు. లిఫ్టర్ అడుగుభాగం లోబ్ మీద రుద్దుకుంటూ నడుస్తుంది. ఆ మధ్యలో ఉండేది పలుచని నూనె పొర ఒక్కటే. బలం మితిమీరితే ఆ పొర తెగి లోబ్ అరిగిపోతుంది, ఆ ఇనుప రజను నూనెతో పాటు బేరింగుల దాకా వెళుతుంది.

రెండో మెట్టు: హెడ్ ఏదో తెలుసుకోండి

ఇంజన్ వయసును చూసి హెడ్‌ను ఊహించకండి. పాత బ్లాకుల మీద 1996 తర్వాతి వోర్టెక్ హెడ్లు (ఇదే ఇంజన్‌కు తర్వాత వచ్చిన రకం) పెట్టిన కార్లు చాలా ఉన్నాయి. రాకర్ కవర్ తీసి కాస్టింగ్ నంబరు చూసుకుని, ఆ తర్వాత వెర్నియర్‌తో ఈ కొలతలు తీసుకోండి: స్ప్రింగు కూర్చునే గుంట వ్యాసం, మధ్యలో ఉన్న వాల్వ్ గైడ్ బాస్ (స్టెమ్ జారే గొట్టం చుట్టూ ఉన్న ఇనుప దిమ్మ) వ్యాసం, స్టెమ్ వ్యాసం.

పాత ఇనుప హెడ్లలో గుంట దాదాపు 1.25 అంగుళాల స్ప్రింగుకు సరిపోతుంది. 1.437 వ్యాసం ఉన్న డబుల్ స్ప్రింగులు పెట్టాలంటే సీటును కట్టర్‌తో వెడల్పు చేయాలి. ఈ పని చేయించేటప్పుడు మెషిన్ షాపు వాళ్లకు ఒక మాట స్పష్టంగా చెప్పండి: వెడల్పు మాత్రమే పెంచాలి, లోతు పెంచకూడదు. ఆ సీటు కిందే నీళ్ల జాకెట్ ఉంటుంది. అక్కడ ఇనుము పలచబడితే హెడ్ పగుళ్లిచ్చి కూలెంట్ నూనెలో కలుస్తుంది. వీధిలో నడిపే 350కి, 0.480 లోపు లిఫ్టుకు, డ్యాంపర్ (లోపల కంపనాన్ని ఆపే పట్టీ) ఉన్న 1.25 అంగుళాల సింగిల్ స్ప్రింగే చాలు. కట్టర్ పని లేకుండా పూర్తవుతుంది కాబట్టి మా మొగ్గు ఎప్పుడూ అటే.

1970ల హెడ్లలో కొన్నింటికి ఎగ్జాస్ట్ వాల్వుల మీద రొటేటర్లు (వాల్వును కొద్దికొద్దిగా తిప్పే రిటైనర్లు) ఉంటాయి. మామూలు రిటైనర్ కన్నా ఇవి మందం కాబట్టి వాటి కింది స్ప్రింగులు పొట్టివి, బిగింపు ఎత్తు 1.6 అంగుళాల దగ్గర ఉంటుంది. కొత్త స్ప్రింగులు వేసేటప్పుడు రొటేటర్లు తీసేసి మామూలు రిటైనర్లు పెట్టండి, అప్పుడు ఎగ్జాస్ట్ కూడా ఇన్‌టేక్ ఎత్తుకు దగ్గరగా వస్తుంది. వాటిని అలాగే ఉంచి పొడుగు స్ప్రింగు కుక్కితే, ఎగ్జాస్ట్ వైపు బలం పెరగడమే కాదు, కాయిల్స్ ఒకదానికొకటి తగిలే ప్రమాదం ఉంటుంది.

మూడో మెట్టు: బిగింపు ఎత్తు, పదహారు వాల్వులకూ

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. వాల్వు మూసి ఉన్నప్పుడు, హెడ్‌లోని స్ప్రింగు సీటు నుంచి రిటైనర్ అడుగున స్ప్రింగు తగిలే అంచు దాకా ఉన్న దూరమే బిగింపు ఎత్తు. దీని కోసం ప్రత్యేకంగా హైట్ మైక్రోమీటర్ దొరుకుతుంది. స్ప్రింగు ఉండాల్సిన చోట దాన్ని పెట్టి, మీరు నిజంగా వాడబోయే రిటైనర్, లాకులు వేసి, మైక్రోమీటర్‌ను తిప్పి వాల్వు సీటు మీద గట్టిగా కూర్చునేలా చేసి రీడింగ్ తీసుకోండి. అది లేకపోతే, సన్న స్ప్రింగుతో వాల్వును పైకి పట్టి ఉంచి వెర్నియర్‌తో కొలవొచ్చు, కాకపోతే కొన్ని థౌలు తేడా వస్తుంది.

పదహారూ ఎందుకు కొలవాలి? పాత హెడ్లకు ఏళ్ల తరబడి వాల్వ్ గ్రైండింగ్ జరిగి ఉంటుంది. వాల్వు సీటు, వాల్వు ముఖం గ్రైండ్ చేసిన ప్రతిసారీ వాల్వు హెడ్‌లోకి ఇంకాస్త దిగుతుంది, స్టెమ్ అవతలి వైపు అంతే పైకి లేస్తుంది. దాంతో బిగింపు ఎత్తు పెరిగి స్ప్రింగు బలం తగ్గుతుంది. ఒకే హెడ్‌లో ఒక వాల్వు 1.700, పక్కది 1.745 ఉండటం మామూలే. 45 థౌల తేడా అంటే పైన చెప్పిన స్ప్రింగులో 16 పౌండ్లు.

కాగితం మీద 1 నుంచి 8 దాకా సిలిండర్లు, ప్రతి సిలిండరుకు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గళ్లు గీసి అన్నీ రాయండి. ఆ కాగితం ముందుముందు చాలాసార్లు కావాలి. అన్నిటికన్నా తక్కువ ఎత్తు ఉన్న వాల్వును గుర్తించండి. మిగతా పదిహేనింటినీ షిమ్‌లతో (స్ప్రింగు కింద వేసే పలుచని వాషర్లతో) ఆ ఎత్తుకు దించాలి. షిమ్‌లు మామూలుగా 15, 30, 60 థౌల మందంలో దొరుకుతాయి. తేడా 15 థౌల లోపు వచ్చేలా సర్దితే వీధి కారుకు సరిపోతుంది. మూడు నాలుగు షిమ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టాల్సి వస్తే మాత్రం ఆగండి. ఆ వాల్వు బాగా దిగిపోయిందని, వాల్వు సీటు మార్చే సమయం వచ్చిందని అర్థం.

నాలుగో మెట్టు: స్ప్రింగును లెక్కతో ఎంచుకోవడం

కేటలాగ్‌లో చూడాల్సినవి: బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఫలానా ఎత్తులో బలం, రేటు, కాయిల్ బైండ్ ఎత్తు. కాయిల్ బైండ్ అంటే చుట్లన్నీ ఒకదానికొకటి తగిలి స్ప్రింగు ఇక నొక్కుకోని ఎత్తు.

ఉదాహరణకు 1.700 దగ్గర 110 పౌండ్లు, అంగుళానికి 360 రేటు, కాయిల్ బైండ్ 1.150 ఉన్న స్ప్రింగు తీసుకుందాం. లిఫ్ట్ 0.450 అయితే తెరిచినప్పుడు ఎత్తు 1.250. బలం 110కి 162 కలిపితే 272 పౌండ్లు. కాయిల్ బైండ్‌కు మిగిలే ఖాళీ 100 థౌలు. ఫ్లాట్ ట్యాపెట్‌కు ఇది చక్కగా సరిపోతుంది. అదే 1.6 రాకర్‌తో 0.480 లిఫ్ట్ అయితే ఎత్తు 1.220, బలం 283, ఖాళీ 70 థౌలు. ఇదీ పర్వాలేదు. ఖాళీ 60 థౌలకు తగ్గకూడదు.

ఇక బాగా ఎక్కువ ఖాళీ ఉంటే మంచిదనుకోకండి. స్ప్రింగుకు సొంత కంపనం ఉంటుంది. కొన్ని వేగాల్లో ఆ కంపనం చుట్ల వెంట అలలా పరిగెత్తుతుంది. చుట్లు దగ్గర దగ్గరగా ఉంటే ఆ అల త్వరగా అణుగుతుంది. సింగిల్ స్ప్రింగు లోపల ఉండే చదును పట్టీ డ్యాంపర్ పని కూడా అదే: చుట్లకు రాసుకుంటూ కంపనాన్ని ఆపుతుంది. "అది ఎందుకులే" అని తీసేసి బిగిస్తే స్ప్రింగు విరగడానికి దారి వేసినట్టే.

బీహైవ్ స్ప్రింగుల విషయంలో జరిగే తప్పు వేరు. పైభాగం సన్నగా ఉండే ఈ స్ప్రింగులు మంచివే, వాటి రిటైనర్ చిన్నది, తేలికైనది. కానీ ఎల్ఎస్ ఇంజన్ల (షెవర్లే తర్వాతి తరం వీ8ల) కోసం అమ్మే వాటిలో చాలా వరకు 1.800 ఎత్తుకు చేసినవి. 1.800 దగ్గర 125 పౌండ్లు, రేటు 372 ఉన్నది పాత స్మాల్ బ్లాక్‌లో 1.700 ఎత్తులో కూర్చుంటే 162 పౌండ్లు అవుతుంది. ఫ్లాట్ ట్యాపెట్‌కు అది ప్రమాదం. పైగా ఎల్ఎస్ వాల్వ్ స్టెమ్ 8 మిల్లీమీటర్లు. దాని రిటైనర్, లాకులు 11/32 స్టెమ్ మీద సరిపోవు. బీహైవ్ కావాలంటే 11/32 స్టెమ్ కోసమే చేసిన రిటైనర్‌తో కలిపి, తక్కువ బలం ఉన్న రకం తీసుకోండి.

ఐదో మెట్టు: రిటైనర్, లాకులు

రిటైనర్ కొనేటప్పుడు స్ప్రింగు పార్ట్ నంబరు పక్కన పెట్టుకునే చూడండి. రిటైనర్ అడుగున మెట్టు ఉంటుంది, అది స్ప్రింగు లోపలి వ్యాసంలో ఇమడాలి. చేత్తో నొక్కితే కొద్దిగా బిగుతుగా దిగాలి. వదులుగా ఉంటే స్ప్రింగు పక్కకు జరుగుతూ రిటైనర్‌ను కొరుకుతుంది. అతి బిగుతైతే అంచుల నుంచి ఉక్కు పొరలు లేస్తాయి. డబుల్ స్ప్రింగుకు చేసిన రిటైనర్ సింగిల్ స్ప్రింగు మీద కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ మెట్టు వ్యాసం కలవదు.

కోణం అంతకన్నా ముఖ్యం. లాకులు 7 డిగ్రీలవి, 10 డిగ్రీలవి వేర్వేరుగా వస్తాయి. ఫ్యాక్టరీ భాగాలు 7 డిగ్రీలు. 10 డిగ్రీల రిటైనర్‌లో 7 డిగ్రీల లాకులు వేస్తే బల్ల మీద కలిసినట్టే ఉంటుంది. నిజానికి అవి ఒక సన్నని గీత మీదే తగులుతాయి. ఇంజన్ వేగం పెరిగినప్పుడు లాకులు రిటైనర్‌లోంచి జారిపోతే వాల్వు సిలిండర్‌లో పడుతుంది. పిస్టన్, హెడ్, ఒక్కోసారి బ్లాకు కూడా పోతాయి. అందుకే రిటైనర్లు, లాకులు ఒకే కంపెనీవి, ఒకే కోణంవి కొనండి. పాత లాకులు మళ్లీ వాడకండి, వాటి ఖరీదు చాలా తక్కువ.

లాకులు వేశాక రెండు సగాల మధ్య రెండు వైపులా సన్నని సందు కనిపించాలి. సగాలు ఒకదానికొకటి ఆనుకుంటే అవి స్టెమ్‌ను పట్టుకోవడం లేదని అర్థం.

టైటానియం రిటైనర్లు రేసు కార్లకే వదిలేయండి. స్ప్రింగు కింద అవి అరుగుతాయి, తరచూ విప్పి చూడాలి. వీధి కారుకు క్రోమోలీ ఉక్కు రిటైనర్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బిగింపు ఎత్తు చాలకపోతే 50 థౌలు పెంచే ఆఫ్‌సెట్ లాకులు దొరుకుతాయి. అయితే అప్పుడు రిటైనర్ పైకి లేచి రాకర్‌కు దగ్గరవుతుంది, ఆ ఖాళీని మళ్లీ చూడాలి.

ఆరో మెట్టు: మిగతా ఖాళీలు

కాయిల్ బైండ్ పైన చూశాం. రెండోది రిటైనర్‌కు, వాల్వ్ సీలుకు (నూనె సిలిండర్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు భాగానికి) మధ్య ఖాళీ. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. స్ప్రింగు లేకుండా, గైడ్ మీద సీలు ఎక్కించి, రిటైనర్, లాకులు వేసి, వాల్వును మూసి పట్టుకుని రిటైనర్ అడుగు నుంచి సీలు పైభాగం దాకా కొలవండి. అందులోంచి లిఫ్ట్ తీసేయండి. కనీసం 60 థౌలు మిగలాలి. కొలత 0.500, లిఫ్ట్ 0.450 అయితే మిగిలేది 50 థౌలే, చాలదు. వోర్టెక్ హెడ్లకు ఈ సమస్య ఎక్కువ, వాటి గైడ్ బాస్ పొడుగు. అక్కడ 0.450 లిఫ్ట్ దాటితే కొలవకుండా ఇంజన్ తిప్పకండి. ఖాళీ చాలకపోతే రిటైనర్ సీలును గైడ్ మీద నుంచి కొట్టి పడేస్తుంది, సైలెన్సర్‌లోంచి నీలి పొగ వస్తుంది. గైడ్ పైభాగాన్ని మెషిన్ చేయించి కురచ చేయడమే పరిష్కారం. అదే సమయంలో బాస్ వ్యాసాన్ని 0.530కి తీయిస్తే గైడ్ మీద బిగుసుకుని ఉండే పాజిటివ్ సీళ్లు కూడా పట్టుకుంటాయి.

మూడోది రాకర్. ఫ్యాక్టరీ రాకర్‌లో స్టడ్ వెళ్లే పొడవాటి గాడి చివర, వాల్వు పూర్తిగా తెరిచినప్పుడూ పూర్తిగా మూసినప్పుడూ, స్టడ్‌కు తగలకూడదు. 60 థౌల తీగ దూరితే సరే. రాకర్ అడుగు రిటైనర్ అంచుకు తగలడం లేదని కూడా చూడండి. నొక్కి దిగేసిన ఫ్యాక్టరీ స్టడ్లు ఎక్కువ బలం కింద మెల్లగా పైకి జారతాయి. తెరిచినప్పటి బలం 280 దాటుతుంటే మరతో బిగించే స్టడ్లు వేయించండి. వాటితో పాటు గైడ్ ప్లేట్లు (పుష్‌రాడ్లు పక్కకు జరగకుండా పట్టే పలకలు) పెడితే గట్టిపరిచిన పుష్‌రాడ్లే వాడాలి, మెత్తటివి ప్లేటు రాపిడికి అరిగిపోతాయి.

ఏడో మెట్టు: పరీక్ష, బిగింపు

కొత్త స్ప్రింగులైనా ప్రతిదాన్నీ టెస్టర్ మీద పెట్టండి. ముందు నాలుగైదుసార్లు నొక్కి వదిలి, తర్వాత బిగింపు ఎత్తులో చదవండి. ఒకదానికి ఒకటి అయిదారు పౌండ్ల తేడా ఉండొచ్చు. తక్కువ చూపించేవి తక్కువ ఎత్తు ఉన్న వాల్వులకు కేటాయిస్తే అంతా సర్దుకుంటుంది. పాత స్ప్రింగులు మళ్లీ వాడాలనుకుంటే, డ్యాంపర్ తీసి కొలిచినప్పుడు చెప్పిన బలానికి 10 పౌండ్ల లోపు ఉండాలి. చదునైన బల్ల మీద నిలబెట్టి మూలమట్టం ఆనించినప్పుడు పైన 1/16 అంగుళం కన్నా ఎక్కువ వాలితే పారేయండి.

స్ప్రింగును పట్టకారుతో, వైస్‌తో పట్టకండి. పైన పడే చిన్న గీత దగ్గరే రేపు పగులు మొదలవుతుంది. తుప్పు పట్టకుండా పూసిన పొరను కిరోసిన్‌తో కడిగి, నూనె రాసి బిగించండి.

ఫ్యాక్టరీ పద్ధతిలో స్టెమ్ మీద చదరపు ఓ-రింగ్ సీళ్లు వాడుతుంటే వరుస తప్పకండి. ముందు స్ప్రింగు, రిటైనర్ పెట్టి కంప్రెసర్‌తో నొక్కాలి, తర్వాత కింది గాడిలో ఓ-రింగ్ ఎక్కించాలి, చివరగా పై గాడిలో లాకులు. ఓ-రింగ్ ముందే వేస్తే రిటైనర్ దిగేటప్పుడు అది చిరిగిపోతుంది. లాకులు గాడిలో నిలవడానికి కొంచెం గ్రీజు రాయండి. బిగించాక ప్లాస్టిక్ సుత్తితో స్టెమ్ చివర మెల్లగా తట్టి చూడండి. సరిగ్గా కూర్చోని లాకు ఇప్పుడే ఎగిరిపోతుంది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, ముఖం పక్కకు పెట్టండి.

ఎనిమిదో మెట్టు: మొదటి స్టార్ట్

కొత్త ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ అయితే, ఇంజన్ అంటుకోగానే 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్‌కు తీసుకెళ్లి 20 నుంచి 30 నిమిషాలు, వేగాన్ని కొద్దిగా హెచ్చుతగ్గులు చేస్తూ నడపాలి. ఐడిల్‌లో వదలకండి. ఫ్లాట్ ట్యాపెట్ లోబులకు నూనె ఎక్కువగా క్రాంక్ చిమ్మడం వల్లే అందుతుంది, ఐడిల్‌లో అది చాలదు. జింక్ ఎక్కువున్న నూనె వాడండి. డబుల్ స్ప్రింగులు వేసి ఉంటే ఈ అరగంటకు లోపలి స్ప్రింగులు తీసేసి నడిపి, తర్వాత పెట్టండి. పని రెట్టింపవుతుంది నిజమే, కానీ క్యామ్ పోతే ఇంజనే విప్పాలి.

ఆ తర్వాత నూనె, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతల్లో మెరిసే ఇనుప రజను ఉందేమో చూడండి. రాకర్ కవర్లు తీసి, లాకుల పైభాగాలు రిటైనర్‌లో అన్నిచోట్లా ఒకే ఎత్తులో ఉన్నాయా అని పోల్చండి. ఒకటి పైకి లేచినట్టో లోపలికి దిగినట్టో కనిపిస్తే ఆ వాల్వును వెంటనే విప్పండి. కొన్నాళ్లకు ఇంజన్ 5000 ఆర్‌పీఎమ్ దగ్గర తడబడుతూ, ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా బాగానే ఉంటే, వాల్వ్ ఫ్లోట్‌ను (స్ప్రింగు బలం చాలక వాల్వు అదుపు తప్పడాన్ని) అనుమానించాల్సిందే. అప్పుడు స్ప్రింగు బలాన్ని తిరిగి కొలిచి, మూడో మెట్టులో రాసుకున్న కాగితంతో పోల్చండి.